జాడీ వెనక పిల్లి

సముద్రం ఒడ్డునున్న మహదియా ఊళ్ళో బిడ్డ పుట్టిన ఇంటికి దిష్టి తగలకుండా వెండి చేపబిళ్ళ ఎవరు తెచ్చినా తేకపోయినా, 'ఎనిమిది చేతుల అతిథి' అనే బొమ్మల పుస్తకం మాత్రం ఎవరో ఒకరు తెచ్చి తీరుతారు. తిజానీ ఇంట్లో ఉన్నది ఆయన కొడుకు లస్సాద్ పుట్టినప్పుడు వచ్చింది. అట్ట ఊడిపోతే తిజానీ వల దారంతో కుట్టాడు. నూనె జాడీ ఉన్న పేజీ మీద హరీసా కారం మరక కూతురు రౌదా చిన్నప్పుడు చేసింది. ఆ మరక లేని పుస్తకం ఇంకెక్కడైనా కనబడితే ఆ ఇంటి పిల్లలు "ఇది అసలుది కాదు" అని పక్కన పెట్టేస్తారు.

కథ చిన్నదే. సముద్రంలో ఇల్లు దొరకని ఆక్టోపస్ ఒకటి ఒడ్డుకొచ్చి తలుపు తలుపూ తడుతుంది. నూనె జాడీ చోటు లేదంటుంది. రొట్టెల పొయ్యి వేడి తట్టుకోలేవంటుంది. పెళ్ళిపెట్టె తాళం వేసుకుంటుంది. చివరికి సముద్రం అడుగున, ఆక్టోపస్‌లని పట్టడానికి దింపి, బీటవారిందని జాలరి వదిలేసిన మట్టికుండ "రా, నన్నెవరూ పైకి లాగరు, నిన్నూ లాగరు" అంటుంది. అంతే కథ. కానీ అది ఆ ఇంటివాళ్ళ మాటల్లోకి ఎక్కిపోయింది. తలుపు చప్పుడైతే లోపలివాళ్ళు "ఎవరది?" అనడం, బయటివాళ్ళు "ఎనిమిది చేతుల అతిథిని" అనడం మామూలు. కిక్కిరిసిన బస్సు వాళ్ళకి నూనె జాడీ. రౌదా మొగుడితో పోట్లాడి కళ్ళు తుడుచుకుంటూ పుట్టింటికి వచ్చిన రోజున తల్లి షెడ్లియా తలుపు తీసి, "బీటకుండ ఇక్కడే ఉంది, రా" అన్నది తప్ప ఇంకొక్క మాట అడగలేదు.

తిజానీ చేపల మార్కెట్లో వేలంపాట పాడి ముసలివాడైన మనిషి. ఆయన చదువుతుంటే పొయ్యి నిజంగా గర్జించేది, పెళ్ళిపెట్టె కిర్రుమనేది. ఆరేళ్ళ మనవరాలు సిరీన్ ఆ పుస్తకాన్ని పూర్తిగా ఆయన గొంతులోంచే నేర్చుకుంది. లస్సాద్‌కీ, అతని భార్య దలెండాకీ ఒక్కతే కూతురు. పుట్టుకతోనే చూపు లేదు. తాత ఒక్క మాట దాటేస్తే చాలు, మోకాలి మీద కొట్టి వెనక్కి రప్పించేది.

ఒక ఆదివారం రౌదా పిల్లలు బిలెల్, ఇన్సాఫ్ తాతకి చెరోపక్కన ఎక్కి కూర్చున్నారు. సిరీన్ ఆయన కాళ్ళ దగ్గర రొట్టె తింటోంది. తాత పేజీ తిప్పీ తిప్పగానే బిలెల్ అరిచాడు.

"అదిగో పిల్లి! నేనే ముందు చూశా!"

"కాదు, నేను!" అంది ఇన్సాఫ్.

సిరీన్ చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. "ఏ పిల్లి?"

"పుస్తకంలో పిల్లే. ఆఖరి పేజీలో తప్ప అన్ని పేజీల్లోనూ దాక్కుంటుంది కదా. ఇక్కడ జాడీ వెనక తోక కనిపిస్తోంది."

"అబద్ధం. పుస్తకంలో పిల్లి లేదు. తాతా, నువ్వెప్పుడూ పిల్లి అని చదవలేదుగా?"

వేలంపాట గొంతు తడబడింది. "మాటల్లో లేదు తల్లీ. బొమ్మల్లో ఉంది."

"ఎప్పట్నుంచి ఉంది?"

సిరీన్ ఏడవలేదు. రొట్టె పళ్ళెంలో పెట్టేసి, గోడ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి కుళాయి దగ్గర కూర్చుంది. వంటింటి గుమ్మంలోంచి దలెండా అంతా చూసింది. ఆ పిల్లి సంగతి తనకీ తెలుసు. తన చిన్నప్పుడు అన్నతో పందెం వేసి మరీ వెతికింది. కూతురికి చెప్పాలని ఒక్కనాడూ తట్టలేదు.

భోజనాలయ్యాక అత్త షెడ్లియా గిన్నెలు కడుగుతూ తేల్చేసింది. "దానికింత ఇదెందుకే? ఏ పేజీలో ఎక్కడుందో చెప్పెయ్. సరిపోతుంది."

"చెప్పేస్తే ఇక వెతికేదేముంది అత్తయ్యా? బిలెల్‌కి ఎవరైనా చెప్పారా? వాడే పట్టుకున్నాడు. ఇదీ పట్టుకోవాలి."

"ఎలా పట్టుకుంటుంది?"

"చేత్తో. పుస్తకం మొత్తం గుడ్డతో కుడతాను."

షెడ్లియా పడీపడీ నవ్వింది. ఊళ్ళో సగం పెళ్ళికూతుళ్ళ బట్టల మీద జరీ పని ఆమెదే. "నువ్వా? మొన్న మావాడి చొక్కాకి గుండీ కుడుతూ ముందు ముక్కా వెనక ముక్కా కలిపి కుట్టేశావు. తల దూర్చలేక వాడు చచ్చాడు. పటాల్లో నదులు గీసుకో పంతులమ్మా, సూది నీకెందుకు?"

దలెండా బడిలో భూగోళం చెబుతుంది. ఆ ఎత్తిపొడుపు ఆమెకి కొత్తకాదు. నవ్వి ఊరుకుంది.

తిజానీ మాత్రం నవ్వలేదు. "నా పుస్తకం మీద కత్తెర పడితే ఒప్పుకోను."

"మీ పుస్తకం జోలికి రాను మావయ్యా. బొమ్మలు కాగితం మీదకి దించుకుంటానంతే."

"గుడ్డతో కుడితే అది పుస్తకమెలా అవుతుంది? దిండవుతుంది!"

సముద్రం మీద చేపలవేట నుంచి వచ్చిన లస్సాద్ సంగతంతా విని, "నేనేం తేవాలో చెప్పు" అని ఒక్క మాట అన్నాడు. దలెండాకి ఆ మాట చాలు.

ఆ చలికాలమంతా బడి నుంచి రాగానే ఆమె చేతిలో సూదే. వేళ్ళు పొడుచుకుంది. దారాలు చిక్కుపడ్డాయి. బడిలో పిల్లలు ఆమె వేళ్ళ చుట్టూ కట్లు చూసి, "టీచర్, ముళ్ళపందిని పెంచుతున్నారా?" అని అడిగారు. బొమ్మల్ని గీత తప్పకుండా దించింది. ఎర్రగుడ్డతో పొయ్యి, పచ్చగుడ్డతో జాడీ, బూడిదరంగు ఉన్నితో పిల్లి. పేజీలన్నీ పూర్తిచేసి కూతురి ఒళ్ళో పెట్టి, పక్కన కూర్చుంది.

సిరీన్ వేళ్ళు రేవు ఉన్న పేజీ మీద తిరిగాయి. "ఇదేంటి?"

"పడవ."

"ఇంతేనా? నా బొటనవేలంతే ఉంది! ఇదీ?"

"లాంతరు."

"లాంతరు కన్నా పడవ చిన్నదా?"

"పడవ దూరంగా ఉంది కదమ్మా. దూరంగా ఉన్నవి చిన్నగా కనబడతాయి."

సిరీన్ ముఖం మారిపోయింది. "నాన్న దూరం వెళ్తే నాన్న పడవ చిన్నదైపోతుందా? నాన్న కూడానా?"

పిల్ల వేళ్ళు తర్వాతి పేజీకి పోయాయి. "ఇది పొయ్యి కాదు, గుడ్డ. ఇదీ గుడ్డే." ఇంకో పేజీలో పిల్లి మీద ఆగాయి. "ఇది ఆకా?"

మూల కుర్చీలోంచి తిజానీ గొణిగాడు. "చెప్పానా, దిండని."

ఆ సాయంత్రమే దలెండా వాకిట్లో కూర్చుని కుట్లన్నీ విప్పడం మొదలెట్టింది. షెడ్లియా వచ్చి ఎదురుగా నిలబడింది.

"విప్పేస్తున్నావా?"

"విప్పేస్తున్నా."

"పోనీలే. ఆ మాత్రం చేశావు. మానెయ్."

"మానడానికి కాదు అత్తయ్యా. మళ్ళీ కుడతా. తప్పు సూదిది కాదు, నాది. కళ్ళకి కనిపించేదాన్ని దింపాను. దాని చేతికి తెలిసేదేంటో దాన్నే అడగాలి."

షెడ్లియా కాసేపు కోడలి చేతులకేసి చూసింది. తర్వాత కళ్ళజోడు తెచ్చుకుని పక్కన చతికిలబడింది. "ఇటు తే. ఆ ముడి చూస్తే నాకు తలనొప్పి వస్తోంది. ముందు దారం ముడెయ్యడం నేర్చుకో."

ఈసారి దలెండా కూతుర్ని వెంటబెట్టుకుని ఊరంతా తిరిగింది. రొట్టెల బట్టీ ముందు నిలబెట్టి, "ఏం తెలుస్తోంది?" అని అడిగింది. "ముందు నుదురు వేడెక్కుతుంది. తర్వాత నువ్వుల వాసన. తర్వాత ఇటుక, గరుగ్గా" అంది సిరీన్. బట్టీవాడు పగిలిన ఇటుకముక్క ఒకటి ఇచ్చాడు. చేపల మార్కెట్లో బద్ధకంగా పడుకున్న పిల్లిని ఒళ్ళో పెట్టించింది. "మీసాలు గుచ్చుకుంటాయమ్మా. అదే ముందు తెలుస్తుంది. చెవి చల్లగా ఉంది, పొట్ట వెచ్చగా ఉంది" అంది పిల్ల. మీసాలకి బట్టల బ్రష్షు కుచ్చు పనికొచ్చింది.

పడవ సంగతి సిరీనే తేల్చింది. రేవుకట్ట మీద నడుస్తూ, "దూరమంటే చిన్నదవడం కాదమ్మా. ఎక్కువ నడవాలి, అంతే" అంది. దలెండా ఠక్కున ఆగిపోయింది. ఎన్నేళ్ళుగా పిల్లలకి పటాలు చెబుతోంది, ఇంత సూటిగా తను ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికెళ్ళి లాంతరు దగ్గర నుంచి పొడుగాటి తాడు ఒకటి పేజీ అంతా మెలికలు తిప్పి కుట్టి, దాని చివర పెద్ద పడవని పెట్టింది. వేలు తాడు పట్టుకుని నడిచి నడిచి పడవ దగ్గరికి చేరుతుంది.

లస్సాద్ పగిలిన ఆక్టోపస్ కుండల పెంకులు ఏరితెచ్చి, అంచులు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దిపెట్టాడు. షెడ్లియా తన పెట్టెలోంచి పట్టుతాడు తీసి ఆక్టోపస్‌కి చేతులు పేని, వాటి నిండా అతుక్కునే బుడిపెల్లా టిక్‌టిక్ గుండీలు కుట్టింది. తిజానీ అటుగా పోతూ ఒకరోజు ఆగాడు.

"నూనె జాడీకి మెడ అంత లావుండదు."

"దిండు సంగతి మీకెందుకు మావయ్యా?" అంది దలెండా తలెత్తకుండా.

"దిండైనా సరే, జాడీ జాడీలా ఉండాలి. మెడ సన్నంగా పెట్టు. లేకపోతే ఆక్టోపస్ దూరిపోతుంది, కథ అక్కడే అయిపోతుంది."

షెడ్లియా నవ్వు కనబడకుండా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మర్నాటి నుంచి ఆయన కుర్చీ మూలలోంచి కుట్టుపని దగ్గరికి జరిగింది.

పాత పుస్తకంలోని చోట్లు కొన్ని మార్చి పిల్లిని ఎక్కడెక్కడ దాచిందో దలెండా ఎవరికీ చెప్పలేదు, అత్తకి కూడా. ఆఖరి కుట్లు బడిలోనే, మధ్యాహ్నం భోజనాల వేళ, తలుపేసుకుని వేసింది.

వసంతం వచ్చాక ఒక ఆదివారం అందరూ చేరారు. తిజానీ కుర్చీలో కూర్చుని పాత పుస్తకం తెరిచాడు. సిరీన్ ఒళ్ళో గుడ్డ పుస్తకం. దాని బరువుకి పిల్ల మోకాళ్ళు నేలకి ఆనాయి. తాత చదువుతున్నాడు, మనవరాలి వేళ్ళు నడుస్తున్నాయి. జాడీ వెనక్కి వేలు దూరగానే మీసాలు గుచ్చుకున్నాయి.

"పిల్లి!"

అంత గట్టిగా అరిచేసరికి వాకిట్లో పావురాలు లేచిపోయాయి. పొయ్యి పక్కన కట్టెల కింద దొరికింది. పడవలో వల మడతల్లో దొరికింది. ఒక్కోటి దొరికినప్పుడల్లా బిలెల్ తన సొంత గెలుపులా గెంతాడు. పెళ్ళిపెట్టె దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. మూత ఎత్తింది. లోపల వెతికింది. తాళం కింద తడిమింది. లేదు.

"నేను చూసి చెప్పనా?" అన్నాడు బిలెల్.

"వద్దు."

"కొంచెం ఇటు జరుపు తల్లీ, కుడివైపుకి..." అని మొదలెట్టిన షెడ్లియాని దలెండా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడకీ తెలియదు, ఊహించి చెబుతోంది.

భోజనానికి వండిన కుస్‌కుస్ చల్లారిపోయింది. రౌదా రెండుసార్లు వచ్చి పిలిచింది. సిరీన్ నుదుటి మీద చెమట పట్టింది, పెదవి కొరుక్కుంది, పుస్తకం మాత్రం వదల్లేదు. చివరికి టపీమని మూసింది. "ఇవాళ దొరకలేదు. ఎవ్వరూ చెప్పకండి. చెబితే మాట్లాడను." భోజనం చేసినంతసేపూ పుస్తకం ఒళ్ళోనే పెట్టుకుంది. మరీ లోతుగా దాచానా అనుకుంది దలెండా. చెప్పేద్దామని కూతురి వైపు వంగి, మళ్ళీ వెనక్కి వాలింది.

సోమవారం దొరకలేదు. మంగళవారమూ లేదు. ఆ మర్నాడు పొద్దున్నే, బడికి జడ వేయించుకుంటూ ఒళ్ళో పుస్తకం పెట్టుకున్న సిరీన్ ఉన్నట్టుండి కదలడం మానేసింది. పెట్టె అడుగున మడతపెట్టిన పెళ్ళి దుప్పటి, దాని అంచు కింద చిన్న సందు. వేలు అందులోకి పోయింది. ఈసారి అరవలేదు. "అమ్మా, ఇది నిద్రపోతోంది" అంది మెల్లగా. "మీసాలు కిందకి ఉన్నాయి."

దలెండా జడ సగంలో వదిలేసి కూతుర్ని గుండెకి హత్తుకుంది. ఎక్కడో తన బట్టల్లో గుచ్చి మరిచిపోయిన సూది ఇద్దరికీ గుచ్చుకుంది. ఇద్దరూ "అబ్బా" అని నవ్వారు.

ఆ సాయంత్రం సిరీన్ నానమ్మ దగ్గరికెళ్ళి సూది పట్టడం నేర్పమంది. ఏం కుడతావంటే చెప్పలేదు. ఇద్దరూ గదిలో తలుపు వేసుకుని ఏవో గుసగుసలాడుకున్నారు. దలెండాని లోపలికి రానివ్వలేదు.

ఆదివారం రాగానే సిరీన్ ప్రకటించింది. "ఆఖరి పేజీలో నేనొక పిల్లిని దాచాను. పట్టుకోండి."

ఆఖరి పేజీ అంటే సముద్రం అడుగు. బీటకుండ, అందులో ఆక్టోపస్ తప్ప అంతా ఒట్టి నీలం గుడ్డే. బిలెల్, ఇన్సాఫ్ కళ్ళు చిట్లించి చూశారు. వెలుతురులోకి తీసుకెళ్ళి చూశారు. రౌదా కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఏమీ లేదు.

"లేదే! నువ్వు అబద్ధం చెబుతున్నావ్" అన్నాడు బిలెల్.

"ఉంది. గుడ్డ కింద ఉంది. మీరు చూస్తున్నారు కాబట్టి దొరకట్లేదు."

ఒకరి తర్వాత ఒకరు కళ్ళు మూసుకుని తడిమారు. నవ్వులాపుకోలేక, ఒకరి చెయ్యి ఇంకొకరు తోసేస్తూ వెతికారు. ఇన్సాఫ్‌కి దొరికింది, తర్వాత బిలెల్‌కి. దలెండాకి కూడా దొరికింది. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి, అచ్చం తన మొదటి కుట్లలాగే.

తిజానీ వంతు ఆఖరిది. వలలు, పొలుసులు, ఉప్పు తగిలి కాయలు కాచిన వేళ్ళకి గుడ్డ కింద సన్నపు ఉన్నిదారం తెలియడం లేదు. ఆయన గట్టిగా కళ్ళు మూసుకుని, మొహం ముడుచుకుని, అరచేయంతా ఆనించి తడుముతున్నాడు. షెడ్లియా నవ్వుతూ, "ఏమయ్యా, దిండులో ఏమైనా దొరికిందా?" అంది.

"నువ్వుండు" అన్నాడాయన. "ఇది పుస్తకం. నన్ను చదువుకోనీ."

టీ చల్లారిపోయింది. పిల్లలు ఆడుకోవడానికి వీధిలోకి పోయారు. సిరీన్ మాత్రం తాత మోకాలికి ఆనుకుని కూర్చునే ఉంది. "చెప్పనా తాతా?" అని అడిగింది. ఆయన కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపి, ఆ పేజీ పై అంచు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.