నాచు లేని తొట్టి

చేపల షెడ్డులో తొట్టి అద్దానికి పట్టిన పాచిని బ్లేడుతో గీకుతూ పెద్దకోడలు పక్క తొట్టి వైపే ఓరగా చూస్తోంది. అది తోడికోడలు చూసుకునే తొట్టి. అందులో చేపపిల్లలు చిమ్మిన ఆవాల్లా కదులుతున్నాయి. తన తొట్టిలో ఎప్పుడూ ఆ పాత చేపలే. మేత రెండింటికీ ఒకే చెంచా, నీళ్లు ఒకే కుళాయివి.

"మీ చెల్లెలి చెయ్యి చల్లనిదమ్మా," అన్నాడు షెడ్డు ఊడ్చే తాత. "ఈ చీపురు దాని చేతికిచ్చినా పిల్లలు పెట్టేట్టుంది."

"ముందు నీ నోరు ఊడ్చుకో తాతా."

ఇంట్లోనూ ఇదే పాట. చిన్నది ముట్టుకుంటే కూరకి రుచి, ఉతికితే బట్టకి తెలుపు. పెళ్లైనప్పటి నుంచీ ఆ పొగడ్తలు వినీ వినీ పెద్దకోడలి దవడలు బిగుసుకుపోయాయి. చేపల మీద చేస్తున్న ఈ పరిశోధన అయిపోతే షెడ్డులో పనికి ఒక్కరే చాలని, దాన్ని నడిపే మేడమ్ చెప్పేసింది. ఆ ఒక్కరెవరో చేపలే తేల్చేస్తాయని పెద్దకోడలి భయం.

పైగా చిన్నదాని తొట్టికి పచ్చటి నాచు కూడా. తనదానికి ఉత్త నీళ్లు. సవతి బిడ్డకి పెట్టినట్టు!

అందరూ భోజనాలకి వెళ్లాక మోచేతిదాకా చెయ్యి ముంచి ఆ నాచంతా లాగేసింది. టిఫిన్ డబ్బాలో కుక్కి మూత బిగించింది.

సాయంత్రానికి ఆ తొట్టిలో ఒక్క పిల్ల లేదు. పెద్ద చేపలు పొట్టలు నింపుకుని నింపాదిగా తిరుగుతున్నాయి.

"నాచు ఎవరు తీశారు?" మేడమ్ తొట్టి మీదకి వంగింది. "పిల్లలు దాక్కునేది అందులోనేగా! చాటు లేకపోతే పెద్దవే తినేస్తాయి. రెండు తొట్లకీ తేడా అదొక్కటే. మేం చూస్తున్నదే అది."

పెద్దకోడలి చెవులు వేడెక్కాయి. చేతి మహిమ కాదన్నమాట. తన తొట్టిలోనూ ఇన్నాళ్లూ పిల్లలు పుడుతూనే ఉన్నాయన్నమాట.

చిన్నకోడలు అక్క చేతి వైపు ఒకసారి చూసింది.

"నేనేనండీ. కడుగుదామని తీశాను."

రేపట్నించి రావద్దంది మేడమ్. చిన్నకోడలు సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంట్లో ఇద్దరికీ ఒకటే వంటగది. ఇక్కడన్నా నీకు చోటుండనీ అక్కా. ఆ చేతి గాజులు కడుక్కో, నాచు చిక్కుకుంది."

ఆమె వెళ్లిపోయాక పెద్దకోడలు డబ్బా మూత తీసింది. తడి నాచులో కనురెప్ప వెంట్రుకంత చేపపిల్ల ఒకటి కొట్టుకుంటోంది. నాచుతో సహా దాన్ని తన తొట్టిలోకి వదిలింది. అది పచ్చదనంలోకి దూరి కనపడకుండా పోయింది.

గోడ మేకుకి చిన్నకోడలి చేతివల వేలాడుతోంది. దాని అంచు నుంచి నీటిచుక్కలు ఇంకా ఒక్కొక్కటే జారుతున్నాయి.