పాచి మందు

కూలింగ్ టవర్ నీళ్లలో పాచి పట్టకుండా మందు కలపడం అతని పని. పదకొండేళ్లుగా అదే పని కావడంతో ఫ్యాక్టరీలో అందరూ అతన్ని టవరాయన అనేవాళ్లు. మందు కలిపాక దాని విషం విరగడానికి మూడు రోజులు పడుతుంది. అందాకా ఆ నీళ్లు బయటికి వదలకూడదు. ఆ నియమం అతను ఏనాడూ తప్పలేదు, ఒక్క ఆ మంగళవారం తప్ప.

ఆ రోజు పొద్దున మందు వేశాడు. మధ్యాహ్నానికి పంపు పాడైంది. నీళ్లు కాలువలోకి వదిలి టవర్ ఖాళీ చెయ్యమన్నాడు ఇంజనీరు.

"సార్, ఇవాళే మందు వేశాను."

"కాలువ నిండా నీళ్లున్నాయి కదయ్యా, కలిసిపోతుందిలే. కానివ్వు."

అతను వెళ్లి వాల్వు తిప్పేశాడు. ఆ కాలువ నీళ్లే మూడు కిలోమీటర్ల కింద అక్కాబావల చేపల చెరువుకు వెళ్తాయి. తెలియక కాదు, ఆ క్షణాన తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "చేపలన్నీ తేలిపోయాయిరా. మీ బావ గట్టు మీద కూలబడిపోయాడు. తొందరగా రా."

కాలువ గట్టు వెంట బండి మీద వెళ్తూ నీళ్లలోకి చూశాడు. ఒడ్డు గడ్డిలో వేలెడంత చేపలు తెల్లగా అంటుకుపోయి ఉన్నాయి. పారే నీళ్లలో చేపలు గాలి చాలక చావవు. ఇది తను వదిలిన మందు పనే.

చెరువు దగ్గర బావ తల పట్టుకుని కూర్చున్నాడు. "ఏరేటర్ ఆపి కాస్త కునుకు తీశానురా. గాలాడక చచ్చిపోయాయి. చేతులారా చంపుకున్నాను."

"నిద్రంటే అంత ప్రాణం ఈయనకి," అంది అక్క ముక్కు చీదుతూ.

అతను నిజం చెప్పకుండానే చెరువులోకి దిగి, చచ్చిన చేపల్ని వలతో సాయంత్రం దాకా లాగుతూనే ఉన్నాడు. పైకొచ్చాక బావ తన తువ్వాలు అందించి, "సొంత తమ్ముడు కూడా ఇంత చాకిరీ చెయ్యడు," అన్నాడు. ఆ మాటకి అతను తల ఎత్తలేకపోయాడు.

బావ రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు. బాగానే ఉన్న ఏరేటర్‌ని విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం. శుక్రవారం అది చూసి టవరాయన ఇక ఆగలేకపోయాడు.

"బావా, తప్పు నీది కాదు. మా టవర్ నీళ్లు. వాల్వు తిప్పింది నేనే."

గుడ్డ పట్టుకున్న బావ చెయ్యి ఆగిపోయింది. "నీకెప్పుడు తెలిసింది?"

"వచ్చిన రోజే. దారిలోనే."

"అంటే నన్ను నేను తిట్టుకుంటుంటే, పక్కన కూర్చుని విన్నావన్నమాట."

అక్క అరుస్తుందనుకున్నాడు. ఆవిడ అరవలేదు. "నేనూ ఆయన్ని నానా మాటలూ అన్నాను కదరా," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు అతను ఒక కాగితం మీద అంతా రాశాడు. ఏ మందు, ఎంత వేశాడు, ఎన్ని గంటలకు వదిలాడు, వదలమన్నది ఎవరు. ఒక కాపీ మేనేజరుకిచ్చి, ఇంకోటి తనే కాలుష్య విభాగం ఆఫీసుకు పట్టుకెళ్లాడు. అక్కడి ఆఫీసరమ్మ అది చదివి, "ఈ మందు బకెట్ నీళ్లలో చుక్క పడితే చాలు, చేప పిల్ల బతకదు. కలిసిపోతుందన్నది ఎవరండీ?" అంది.

ఇంజనీరుని వేరే చోటికి పంపారు. టవరాయన్ని గోడౌన్‌లో వేశారు. టవర్ నీళ్లు నిలవబెట్టడానికి ఫ్యాక్టరీ పెద్ద తొట్టి కట్టక తప్పలేదు. నష్టపరిహారం సంగతి నలుగుతూనే ఉంది. బావ మాత్రం మాట్లాడలేదు. అక్క ఫోన్ చేసినా, "ఎలా ఉన్నావు" దగ్గరే ఆగిపోయేది.

మూడో నెలలో ఒక ఆదివారం బావ అతని గుమ్మంలో నిలబడ్డాడు.

"మళ్లీ చేప పిల్లల్ని వదలాలి. కాలువ నీళ్లు మంచివో కాదో నాకేం తెలిసి చచ్చింది? నువ్వొచ్చి చూడు."

ఇద్దరూ కలిసి చెరువు గట్టు మీద ఒక టబ్బులో కాలువ నీళ్లు నింపి, తెలిసినవాళ్ల హేచరీ నుంచి తెచ్చిన పది పిల్లల్ని అందులో వదిలారు. చెరో స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"కోపం పోయిందా బావా?"

"పోలేదు. నువ్వు నీళ్లు చూడు."

మర్నాడు పొద్దున అక్క వంగి లెక్కపెట్టింది. పదీ చురుగ్గా తిరుగుతున్నాయి. నమ్మకం లేక మళ్లీ లెక్కపెట్టింది.

బావ లేచి చొక్కా దులుపుకున్నాడు. "బండి తియ్యరా. హేచరీకి వెళ్దాం."