వేలెడు తేడా

భూమి విషయంలో నరసింహ కంటికి తిరుగులేదు. దూలపల్లిలో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. గట్టు మీద నిలబడి ఒక్క చూపు విసిరాడంటే ఇది ఇన్ని గుంటలని తేల్చేసేవాడు. తర్వాత సర్వేయరు వచ్చి కొలిచినా పెద్దగా తేడా తేలేది కాదు. ఆ చూపుతోనే పొలాలను ప్లాట్లు చేశాడు, మేడ్చల్ అవతల వెంచరు వేశాడు, ఒకసారి వార్డు మెంబరుగా కూడా గెలిచాడు. చుట్టుపక్కల ఎవరింట్లో తగాదా వచ్చినా నరసింహను పిలవాల్సిందే, ఆయన తేల్చాల్సిందే.

అంతటి మనిషికి సొంతింట్లో ఒక్క తలుపు తెరిపించడం మాత్రం చేతకాలేదు. అది కొడుకు అన్వేష్ గది తలుపు. సర్కారు నౌకరీ పరీక్షలు రాసి రాసి, ప్రతిసారీ ఒడ్డుదాకా వచ్చి మునిగి, చివరికి ఆ కుర్రాడు గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. ఏడాది పాటు అన్నం పళ్లెం గడప దగ్గరే పెట్టాల్సి వచ్చింది. నరసింహ కారు కొనిస్తానన్నాడు, వ్యాపారం పెట్టిస్తానన్నాడు, సంబంధాలు తెచ్చాడు, తిట్టాడు, ఒక రాత్రి తలుపు ముందు కూర్చుని ఏడ్చాడు కూడా. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు.

అలాంటి అన్వేష్ ఉన్నట్టుండి ఒక గేర్ల సైకిల్ తెప్పించుకున్నాడు. తెల్లవారకముందే కొంపల్లి మీదుగా మేడ్చల్, అక్కణ్నుంచి షామీర్‌పేట చెరువు దాకా వెళ్లి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. వచ్చి, "అమ్మా, ఇంకో రెండు ఇడ్లీలున్నయా?" అని అడిగాడు. తల్లి పద్మమ్మ వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొన్నాళ్లకు దుండిగల్‌లో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం కూడా చూసుకున్నాడు.

అందరూ సంతోషించారు. నరసింహ కూడా సంతోషించాడు గానీ, ఆయన బుర్రలో ఒక పురుగు దూరింది. తాను ఏడాదంతా బతిమాలినా కాని పని రెండు చక్రాలతో ఎలా అయింది? ఆ ఇనుప ముక్కలో ఏముంది? ఎంత ఆలోచించినా తలా తోకా దొరకలేదు. ఒకసారి తొక్కి చూస్తే పోలా అనుకున్నాడు.

అయితే నరసింహ సైకిల్ ఎక్కడమంటే చిన్న విషయమా! కారులో తిరిగే మనిషి సైకిల్ మీద కనిపిస్తే ఒంటికి మంచిదని తొక్కుతున్నాడని అక్కడ ఎవరూ అనుకోరు. కారు అమ్ముకున్నాడంటారు. సాయంత్రానికల్లా వెంచరు మునిగిందని మేడ్చల్ దాకా పాకిపోతుంది. అందుకని ఆయన మధ్యాహ్నం ముహూర్తం పెట్టుకున్నాడు. అన్వేష్ బస్సెక్కి దుండిగల్ పోతాడు. పద్మమ్మ టీవీ ముందు కునుకు తీస్తుంది. అప్పుడు కారు వెనక సీట్లు మడిచి, సైకిల్ లోపలికి తోసి, తన వెంచరుకే వెళ్లి, గేటు తానే మూసుకున్నాడు. హద్దురాళ్లూ గడ్డీ తప్ప అక్కడ పలకరించే నాథుడు లేడు.

మొదటి చిక్కు సీటు దగ్గరే వచ్చింది. ఎక్కితే కాళ్లు నేలకందడం లేదు. సీటన్నాక దాని మీద కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద ఆనాలి కదా! సీటు కిందున్న పిడి వదులు చేసి, గొట్టం మొత్తం లోపలికి దించేశాడు. మోకాళ్లు మిడత కాళ్లలా పైకి లేస్తుంటే వెంచరంతా ఒక చుట్టు చుట్టాడు. ఇంటికొచ్చేముందు సీటు మళ్లీ మొదటి ఎత్తుకు లేపి పిడి బిగించాడు. కొలవడానికి టేపూ గీపూ ఎందుకు, కన్నుంది కదా!

రెండో చిక్కు గేర్లు. సాయంత్రాలు అన్వేష్ ఫోన్‌ను స్పీకర్లో పెట్టి మాధవీలతతో మాట్లాడుతుంటాడు. ఆమె కౌకూర్‌లో ఉంటుంది, బ్యాంకు ఉద్యోగి, ఆదివారాలు షామీర్‌పేట వైపు తొక్కే గుంపుకు పెద్దదిక్కు. నరసింహ టీవీ చూస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించేవాడు.

"ముందర పళ్ల చక్రం చిన్నదైతే తేలిక, వెనక పళ్ల చక్రం పెద్దదైతే తేలిక," అంది ఆమె ఒకరోజు. "ఎత్తు రాకముందే మార్చుకోవాలె. ఎక్కేటప్పుడు మారిస్తే చైన్ గుంజుకుంటది."

నరసింహ తల గిర్రున తిరిగింది. ముందు చిన్నది తేలికైతే వెనక కూడా చిన్నదే తేలిక కావాలి కదా! ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, రెండూ తేలికే! మర్నాడు వెంచరులో ఆయన నొక్కని మీట లేదు. సైకిల్ కటకటలాడింది, చైన్ ఊడి వేలాడింది, చేతులు నల్లగా మసిబారాయి. గడ్డిలో కూర్చుని తుడుచుకుంటూ, ఇందులో కొడుక్కి దొరికినదేమిటో తనకెందుకు దొరకడం లేదని మథనపడ్డాడు.

ఇంతలో అన్వేష్ మోకాలు నొప్పి అనడం మొదలుపెట్టాడు.

"ముందర నొప్పా, వెనక నొప్పా?" ఫోన్లో మాధవీలత అడిగింది.

"ముందర, చిప్ప మీద."

"అయితే నీ సీటు కిందికున్నది. జర లేపు."

అన్వేష్ లేపుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం నరసింహ దాన్ని దించాడు, తొక్కాడు, మళ్లీ లేపాడు. వారం తిరిగేసరికి నొప్పి మోకాలు వెనక్కి వెళ్లింది.

"వెనకనా? అంటే సీటు మస్తు ఎత్తున్నది," అందామె. "దించు."

దించుకున్నాడు. నొప్పి మళ్లీ ముందుకొచ్చింది. ఇటు నరసింహ, మొన్న లేపమని నిన్న దించమన్న ఈ మనిషికి ఏమీ తెలియదని తీర్మానించుకున్నాడు. కొంపల్లిలో సైకిల్ దుకాణం వాడు సీటు జారుతోందేమోనని పిడి మార్చాడు. డాక్టరు మాత్రలిచ్చి, తగ్గకపోతే స్కానింగ్ చేద్దామన్నాడు. పద్మమ్మ దిష్టి తగిలిందని హ్యాండిల్‌కు నిమ్మకాయ కట్టింది. తొక్కేటప్పుడు అది చేతికి అడ్డమొస్తోందని నరసింహ మధ్యాహ్నం విప్పి, సాయంత్రానికి మళ్లీ కట్టేవాడు. ఒకే కాలు, ఒకే సైకిల్. నొప్పి మాత్రం ఇల్లు మారుతున్నట్టు ముందుకూ వెనక్కూ తిరుగుతోంది. ఎవరికీ ఏమీ పాలుపోలేదు.

తర్వాత ఒకనాడు తెల్లవారుజామున సైకిల్ చప్పుడు వినపడలేదు. నరసింహ లేచి చూస్తే అన్వేష్ గది తలుపు మూసి ఉంది. పొద్దెక్కింది. పద్మమ్మ పళ్లెం పట్టుకుని తలుపు బయట నిలబడింది. ఆమె ముఖం చూసి నరసింహ తలుపు తట్టాడు.

"అన్వేష్, తలుపు తియ్యి బిడ్డా."

లోపలినుంచి జవాబొచ్చింది. "నా మోకాలే ఖరాబున్నది బాపు. ఏది వట్టుకున్నా నాకు గింతే. సైకిల్ అమ్మేస్త."

మళ్లీ ఆ ఏడాదంతా మొదటినుంచి మొదలవుతుందని నరసింహకు భయమేసింది.

"అమ్ముదువు గని, ఒక్కసారి ఆ మేడంకు సూపెడ్దాం," అన్నాడు. "ఇయ్యాల ఐతారమే గద. సైకిల్ నేను కార్ల ఏస్త."

గడియ తీసిన చప్పుడైంది. అన్వేష్ గడ్డం మాసి, కళ్లు ఉబ్బి ఉన్నాడు. "కార్ల పట్టది బాపు."

"పడ్తది. వెనక సీట్లు మడిచి, ముందర చక్రం పక్కకు తిప్పితే..." అని నరసింహ నాలుక కరుచుకున్నాడు. అన్వేష్‌కు అవన్నీ వినే ఓపిక లేదు.

షామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. గుంపంతా టీలు తాగుతోంది. మాధవీలత నలభై దాటిన మనిషి. అన్వేష్‌ను సైకిల్ ఎక్కించి, ఇద్దరి చేత పట్టించి, మడమ పెడల్ మీద పెట్టమంది. కాలు పూర్తిగా చాపినా మడమ గాలిలోనే ఉంది.

"నేను చెప్పిన దానికంటే ఇప్పుడు ఎత్తున్నది. మొన్న ఫోటో పెట్టినవ్ కద, అప్పుడేమో కిందికుండె." ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "పిడి వదులైతే సీటు కిందికి జారాలె. దానంతటది పైకెట్ల లేస్తది? నీ సైకిల్ ఇంకెవరో తొక్కుతున్నరు."

"మా ఇంట్ల ఎవరున్నరు మేడం?" అన్వేష్ చిరాగ్గా అన్నాడు. "అమ్మకు రాదు. బాపు కారు దిగడు."

ముందు నొప్పి, వెనక నొప్పి, లేపు, దించు, అన్నీ ఒక్కసారిగా నరసింహ బుర్రలో వరసలో నిలబడ్డాయి. ఊరుకుంటే ఊరుకోవచ్చు. రేపటినుంచి తొక్కడం మానేస్తే ఎవరికీ తెలియదు కూడా. కానీ పొద్దున ఆ తలుపు వెనకనుంచి వచ్చిన మాట ఆయన చెవిలో ఇంకా గింగురుమంటోంది.

"నేనే," అన్నాడు.

"ఏంది?"

"పగటీలి నేనే తొక్కుతున్న. సీటు దించుకుంట, మల్ల ఎప్పటి లెక్కనే లేపి పెడ్త."

"ఎప్పటి లెక్కనే అంటే ఎట్ల అంకుల్? దేంతో కొలిచిండ్రు?" మాధవీలత అడిగింది.

"కంటితోనే. మహా అయితే వేలెడు అటిటు అయి ఉంటది."

"ఆ వేలెడే చాలు అంకుల్. షామీర్‌పేట దాకా వచ్చిపోయేసరికి మోకాలు ఎన్ని వేలసార్లు వంగుతదో ఎరుకేనా? ప్రతిసారి ఆ వేలెడు పొడుస్తది."

గుంపులో ఎవరో నవ్వబోయి, అన్వేష్ ముఖం చూసి ఆపుకున్నారు. ఆ ముఖం ఎర్రబడింది. "గిన్ని దినాలు నా కాలే ఖరాబైందనుకున్న బాపు! నేనే దేనికి పనికిరానోన్ననుకున్న. అసలు నువ్వెందుకు తొక్కినవ్?"

బీపీ ఉందని డాక్టరు తొక్కమన్నాడని చెబుదామనుకున్నాడు నరసింహ. అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. జీవితంలో అంతకంటే పెద్దవే ఆడాడు. కానీ ఆ పూట అది బయటకు రాలేదు.

"ఏడాది నీ తలుపు ముంగట నిలవడ్డ. నాకు తియ్యకపోతివి," అన్నాడు. "గీ సైకిల్ తీపిచ్చింది. పొద్దుగాల దీని మీద పోయొస్తే నీ మొఖం సల్లగుంటుండె. గిండ్ల ఏమున్నదో సూద్దామని తొక్కిన."

అన్వేష్ సైకిల్ దిగాడు.

"మరి తెలిసిందా?"

"ఏం సమజ్ కాలే బిడ్డా. మోకాళ్లు నొచ్చినయ్, గంతే."

మాధవీలత తల పక్కకు తిప్పుకుని టీ గ్లాసు వెతుక్కుంది. కొన్నాళ్లు కాలికి విశ్రాంతినిచ్చి, సీటు సరిచేసుకుంటే నొప్పి తగ్గిపోతుందని వెళ్తూ వెళ్తూ అన్వేష్ భుజం తట్టి చెప్పింది. అన్వేష్ తలూపాడు. విన్నాడో లేదో నరసింహకు అర్థం కాలేదు. తర్వాత వాడు సైకిల్ దగ్గరికి నడిచి, పిడి వదులు చేసి, సీటు కొంచెం దించి బిగించాడు.

"ఎక్కు."

"ఈడనా? అందరు సూస్తరు రా."

"ఎక్కు బాపు."

తిడుతున్నాడో, పిలుస్తున్నాడో తెలియక నరసింహ ఎక్కాడు. సైకిల్‌ను పడిపోకుండా ఎవరో పట్టుకున్నారు. అన్వేష్ రోడ్డు పక్కన మట్టిలో గొంతుకూర్చుని, తండ్రి చెప్పు విప్పి, మడమ పట్టుకుని పెడల్ మీద పెట్టాడు.

"మడమ ఈడ పెడ్తే కాలు సక్కగ రావాలె. వచ్చిందా? ఇగ పాదం ముందటి భాగం పెట్టు. మోకాలు జరంత వంగింది, సూడు. గది నీ ఎత్తు."

"నేల అందుతలేదు కదరా!"

"అందొద్దు. ఆగేటప్పుడు సీటు మీదికెల్లి ముంగటికి దిగాలె. కూసోని ఆగొద్దు."

ఇన్నాళ్లూ తాను సరిగ్గా తలకిందులుగా చేశానని నరసింహకు అప్పుడు తెలిసింది. అది తెలిసినా బుర్ర తేలిక పడలేదు. ఒక కారు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. ఎవరో కిటికీలోంచి తొంగిచూసి "నరసింహన్నా!" అని అరిచారు. ఆయన తల వంచుకున్నాడు.

అన్వేష్ చెప్పు తొడిగి, లేచి, సీటు వెనక పట్టుకుని తోశాడు. సైకిల్ అటూ ఇటూ ఊగి కదిలింది. కుంటుతూనే పక్కన నడుస్తున్న కొడుకు ముఖం చూద్దామని నరసింహ తల తిప్పబోతే చక్రం వంకర తిరిగింది.

"అన్వేష్, కోపమొచ్చిందా రా?"

"వచ్చింది."

"బాగొచ్చిందా?"

"మస్తొచ్చింది. నా దిక్కు సూడకు, చక్రం దిక్కు సూడకు. దూరం సూడు."

నరసింహ దూరం చూశాడు. వెనకనుంచి సీటు పట్టుకున్న కొడుకు చెయ్యి మాత్రం వదల్లేదు.