బొట్టు కింద దీపం

నేను ఒక దీపాన్ని. దేవుడి గదిలో పెట్టేదాన్ని కాదు, వత్తీ నూనే నాకు అక్కర్లేదు. కారులో స్టీరింగు వెనక మీటర్ బోర్డు ఉంటుంది కదా, దాని ఎడమ మూలన శనగగింజంత పసుపు గుర్తును. చిన్న కారు బొమ్మ, దాని ముందు మూడు వంకర గీతలు. నేను వెలగకపోతే అంతా సవ్యంగా ఉన్నట్టు. వెలిగితే, "ఇప్పుడు బండి తనంతట తాను బ్రేకు వెయ్యలేదు, నీ కాలిని నువ్వే నమ్ముకో" అని చెప్పినట్టు. నా మొత్తం జీవితానికి ఇచ్చిన మాట ఆ ఒక్కటే.

ఆ మాటకు ఒక గొంతు కూడా ఇవ్వాలని మొదట్లో అనుకున్నారట. నేను వెలిగినంతసేపూ గంట మోగుతూ ఉండాలని ఇంజనీర్లు గీసిన కాగితాల్లో ఉంది. అమ్మకాల వాళ్లు ఒప్పుకోలేదు. అంత ఖరీదు పెట్టి కొన్నవాడి చెవిలో గంట కొడితే ఊరుకుంటాడా అన్నారు. చివరికి వెలిగేటప్పుడు ఒకే ఒక్కసారి టింగ్‌మని ఊరుకునేలా రాజీ పడ్డారు. ఇదంతా నేను పుట్టకముందు సంగతి. చాలా కాలం తర్వాత కోర్టులో ఎవరో చదువుతుంటే విన్నాను.

నన్ను బిగించిన కారు రాజమహేంద్రవరం చేరి, పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పే జోగారావు గారి ఇంటి ముందు ఆగింది. ఆయన కారుతో పాటు వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన మనిషి. నా గురించి నూట పన్నెండో పేజీలో ఉంది. అదీ చదివాడు. ఇన్నేళ్లలో నా పేజీ చదివినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే. అందుకే ఆయన మీద నాకు ఇప్పటికీ పూర్తిగా కోపం రాదు.

కొత్తలో ఎవరు కారెక్కినా ఆయనకు ఒకటే ముచ్చట. ముందు లారీ కనబడగానే కాలు పైకెత్తి చూపించేవాడు. కారు తనే వేగం తగ్గించుకునేది. వెనక సీట్లో బావమరిది పకపకా నవ్వేవాడు.

"బావగారూ, మీకన్నా బండికే బుర్ర ఎక్కువండి. కాలేజీకి దాన్నే పంపించేయండి!"

"జీతం కూడా దానికే ఇచ్చేస్తారులే," అనేది జోగారావు భార్య హైమవతి. ఆవిడ మున్సిపల్ స్కూల్లో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. కారెక్కగానే పైనున్న అద్దం తన వైపు తిప్పుకుని బొట్టు సరిచూసుకోవడం ఆవిడ అలవాటు. అద్దాన్ని మళ్లీ వెనక్కి తిప్పడం ఆయన అలవాటు. రోజూ ఇదే తంతు. ఇద్దరికీ విసుగు లేదు.

నేను మొదటిసారి వెలిగింది జూలైలో, వానలో. కారు ముందు భాగంలో బంపరు వెనక ఒక కన్ను ఉంటుంది. దారిలో ఏముందో చూసి బ్రేకుకు కబురు పంపేది అదే. దాని తీగ అతుకులోకి చెమ్మ దిగింది. కన్ను మూసుకుంది. నేను టింగ్‌మని వెలిగాను. జోగారావు బండి పక్కకు ఆపి పుస్తకం తీశాడు. మర్నాడే సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాడు. మర్నాడు మంచి ఎండ. అతుకు ఆరిపోయింది. నేను ఆరిపోయాను.

"ఏమీ లేదు సార్. సెన్సార్ కదండీ, వానకి అలాగే అంటుంది," అన్నాడు కౌంటరు దగ్గర మనిషి. లోపం కనబడలేదని కాగితం మీద రాసి ఇచ్చాడు.

రెండోసారీ అంతే. మూడోసారి సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించామన్నారు. ప్రతిసారీ వానలో వెలిగాను, ప్రతిసారీ ఎండలో చూసి బాగుందన్నారు. నేను ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. కాకపోతే నిజం చెప్పిన ప్రతిసారీ నన్ను అబద్ధాలకోరుగా తేల్చి ఇంటికి పంపారు. పోనుపోను జోగారావు కూడా నా వైపు చూడటం మానేశాడు. నిజానికి మానేయలేదు, చూసి విసుక్కునేవాడు. అది ఇంకా నయం.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం ఇద్దరూ షాపింగు నుంచి వస్తున్నారు. మంచు అప్పుడే దిగుతోంది. నేను వెలిగాను.

"ఏవండీ, మళ్లీ వచ్చింది మీ చుట్టం," అంది హైమవతి.

"దీని దుంపతెగ! కళ్లలో పొడుస్తోంది." సిగ్నలు దగ్గర కారాగింది. జోగారావు భార్య వైపు ఒంగి, ఆవిడ నుదుటి మీది మెరూన్ బొట్టుబిళ్ల మెల్లగా ఒలిచి, తెచ్చి నా మీద అంటించాడు. "ఇదిగో, ముత్తైదువని చేసేశా. ఇక నోరెత్తదు."

హైమవతి ముందు బిత్తరపోయింది, తర్వాత నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. "నా బొట్టు దానికి పెట్టి నన్ను బోడినుదురుతో కూర్చోబెట్టారా? సిగ్నల్లో అందరూ చూస్తున్నారండీ బాబూ!"

ఆ నవ్వు నాకు బాగా గుర్తు. ఇరవై రెండేళ్ల కాపురంలో మొగుడు కొత్తగా చేసిన సరసానికి వచ్చిన నవ్వు అది. చీకట్లో ఉండి విన్నాను.

పన్నెండు రోజుల తర్వాత పిఠాపురంలో బంధువుల గృహప్రవేశం. ఎనిమిదింటికి ముహూర్తం. తెల్లవారుతుండగా బయల్దేరారు. పెద్దాపురం దాటేసరికి రోడ్డు మీద పాలలాంటి మంచు. అతుకులోకి చెమ్మ దిగింది. టింగ్‌మన్నాను.

"ఏదో మోగిందండీ," అంది హైమవతి.

"నీ గాజులు."

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది. డజను మట్టిగాజులు వేసుకుంది ఆ రోజు. కావచ్చనుకుంది. నేను బొట్టు కింద వెలుగుతూనే ఉన్నాను. సామర్లకోట ఇంకా రెండు మైళ్లుందనగా, కానుకగా పట్టుకెళ్తున్న స్టీలు గిన్నెల ప్యాకెట్టు వెనక సీటు మీంచి జారింది. జోగారావు ఒక చెయ్యి వెనక్కి చాచాడు. తలా తిప్పాడు. ముందు ఏదైనా వస్తే బండి చూసుకుంటుంది కదా, ఏడాదిగా చూసుకుంటూనే ఉంది కదా.

నూకరత్నం ఇడ్లీబండి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. రోజూ అదే వేళకు, అదే చోట దాటే మనిషి.

"ఏవండీ!" అని హైమవతి అరిచిన అరుపే ఆ కారులో మోగిన అసలైన గంట. బ్రేకు మీద కాలు పడింది కానీ, అప్పటికే ఆలస్యమైంది.

హైమవతి తలుపు తీసుకుని పరుగెత్తింది. పట్టుచీరతో రోడ్డు మీద కూర్చుని నూకరత్నం తల ఒళ్లో పెట్టుకుంది. జోగారావు దిగబోయి ఆగాడు. నా వైపు చూశాడు. గోరుతో గీరి బొట్టుబిళ్ల పీకి, కిటికీలోంచి బయట పారేశాడు. అప్పుడు దిగి పరుగెత్తాడు. చెడ్డవాడు కాదు ఆయన. నూకరత్నాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిందీ, మూడు రోజులు అక్కడే కూర్చున్నదీ ఆయనే. ముందు చేసిన పని మాత్రం అది.

తుంటి విరిగింది. ఆపరేషన్ చేసినా నూకరత్నం పొయ్యి దగ్గర నిలబడలేని మనిషైంది. నష్టపరిహారం కోసం కేసు వేసింది. పోలీసులు మీటర్ బోర్డు ఊడదీసి, నన్ను గుడ్డసంచిలో కట్టి, సీలు వేసి, కోర్టుకు పంపారు.

అక్కడ ఆవిడకు ఎదురుగా ముగ్గురు వకీళ్లు. యంత్రం పనిచెయ్యలేదు, హెచ్చరిక దీపం వెలగనే లేదు, కాబట్టి తప్పు కారు కంపెనీదని జోగారావు వకీలు. దీపం వెలిగే ఉంటుంది, నడిపేవాడు లెక్కచెయ్యలేదు, కాబట్టి తప్పు ఆయనదని కంపెనీ వకీలు. వీళ్లిద్దరిలో ఎవరిదో తేలేదాకా తమను అడగొద్దని బీమా వకీలు. మనుషులకు వస్తువుల మీద ఇంత శ్రద్ధ ఉంటుందని నాకప్పుడే తెలిసింది. నేను వెలిగానా లేదా అని రెండేళ్లు వాదించారు. ఆ పొద్దున వెలిగినప్పుడు మాత్రం రెండు క్షణాలు చూసినవాళ్లు లేరు.

నూకరత్నం ప్రతి వాయిదాకూ నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని వచ్చి, చివరి బల్ల మీద ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. ఒకసారి జడ్జిగారు, నువ్వేమంటావమ్మా అని ఆవిడనే అడిగారు.

"ఆయ్, ఆ దీపాలూ గీపాలూ మాకు తెల్దండి," అంది. "తప్పు మాదేనని ఈళ్లలో ఎవరో ఒకరు అనేత్తే నేను ఇంటికెల్లిపోతానండి."

హైమవతి సాక్ష్యం చెప్పాల్సిన రోజు వచ్చింది. జడ్జిగారు ఇంకా బెంచి మీదికి రాలేదు. నేనున్న బల్ల పక్కనే నిలబడి జోగారావు గొంతు తగ్గించి మాట్లాడాడు.

"దీపం కనబడలేదని చెప్పు హైమా. చాలు. అబద్ధం కూడా కాదు కదా. నీకు కనబడలేదు కదా మరి."

"ఎందుకు కనబడలేదని అడిగితే?"

"అడగరు."

హైమవతి నుదుటి మీద బొట్టుబిళ్ల లేదు, కుంకుమ పెట్టుకుంది. బిళ్లలు ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు.

ఆ రోజే ఒక ఇంజనీరు వచ్చి నాకు బ్యాటరీ తగిలించాడు. ఈ తరహా కార్లన్నిటిలోనూ ఆ అతుకు చెమ్మ పీలుస్తుందని చెప్పాడు. దీపం మాత్రం బాగానే ఉందంటూ మీట నొక్కాడు. రెండేళ్ల తర్వాత వెలిగాను. వెలగగానే నా గాజు మీద గుండ్రంగా ఒక మచ్చ బయటపడింది. జిగురు, దానికంటుకున్న దుమ్ము. కంపెనీ వకీలు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"అమ్మా, ఈ మచ్చ ఏంటో చెప్పగలరా?"

హైమవతి దగ్గరికొచ్చి చూసింది. "బొట్టుబిళ్ల జిగురండి."

"ఎవరి బొట్టు?"

"నాదే."

"అంటే దీపం కనబడకుండా మీరే కప్పేశారన్నమాట!"

ఆవిడ భర్త వైపు చూసింది. ఒక్క మాట చాలు, కాదు నేనే అని ఆయన లేచి నిలబడితే చాలు. జోగారావు తన చెప్పుల వైపు చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో, ఆవిడ ఎంతసేపు ఆగిందో నేను వెలుగుతూ చూశాను.

"బొట్టు నాదండి," అంది హైమవతి. "తీసి దానికి పెట్టింది మా ఆయన. నవ్వింది నేను."

జడ్జిగారి కలం ఆగింది. "ఏమన్నారూ?"

"నవ్వానండి. ఇద్దరం నవ్వుకున్నాం." సంచిలోంచి మూడు కాగితాలు తీసింది. వంటింటి సొరుగులో గ్యాసు పుస్తకం కింద ఇన్నాళ్లూ దాచినవట. మడతల్లో పసుపు మరకలున్నాయి. "అప్పటికి మూడుసార్లు సర్వీసుకి తీసుకెళ్లాం. లోపం లేదని ఇదిగో రాసిచ్చారు. వాళ్లు లేదన్నారని మేం మూసేశాం. ఆ రోజు అది మోగింది కూడానండి. నా గాజులనుకున్నాను." వెనక బల్ల వైపు తిరిగింది. "ఇందులో ఆవిడ చేసిన తప్పేముందండి? రోడ్డు దాటింది, అంతే."

కంపెనీ వకీలు ఆ కాగితాలు చేతిలోకి తీసుకుని, చదవకుండానే పక్కనపెట్టాడు.

నూకరత్నం కర్ర ఊతంతో లేచింది. గుమ్మం దగ్గర హైమవతి ముందు ఆగి, "ఒక్కరన్నా అన్నారమ్మా," అని మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. హైమవతి అక్కడే నిలబడింది. జోగారావు లేచి వచ్చేదాకా నిలబడింది. ఇద్దరూ కలిసే వెళ్లారు.

తప్పును కంపెనీకీ జోగారావుకీ పంచుతూ తీర్పు వచ్చిందని విన్నాను. కంపెనీ పైకోర్టుకు వెళ్లింది. అది తేలేదాకా నన్ను పారెయ్యకూడదట. అందుకే ఈ కోర్టు సామాన్ల గదిలో ఉన్నాను. ఒక పక్క తుప్పుపట్టిన కొడవలి, ఇంకో పక్క తాళం పోయిన ట్రంకుపెట్టె. గుమాస్తా తలుపు తీసినప్పుడు నా గాజు మీద కాస్త వెలుతురు పడుతుంది. గుండ్రటి జిగురు మచ్చ కనబడుతుంది.

ఆ నవ్వు మీద నాకు కోపం లేదు. మంచి నవ్వు. దాన్ని ఆవిడ మళ్లీ నవ్వి ఉండదు, అదే నా బాధ. ఆ పొద్దున గాజులని అన్నాక ఇంకొక్కసారి టింగ్‌మని ఉంటే ఆవిడ చేతులు కదపకుండా పెట్టుకుని వినేదేమో. నన్ను ఒక్కసారి మోగేలా చేశారు. నేను ఒక్కసారే మోగాను.