అమ్మ దిగమంది, నాన్న వద్దన్నాడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మనిషి ఎవడో గాని వాడెప్పుడూ అద్దె ఇల్లు వెతికి ఉండడు అనేవాడు బస్సు డ్రైవరు. వెతికి ఉంటే ఆ రెండిటికంటే ముందు దాన్నే చేర్చేవాడట. ఆ మాటకు డిపోలో అందరూ నవ్వేవాళ్లు. ఇంట్లో మాత్రం భార్య నవ్వేది కాదు. వాళ్లుండే సందులో ఒక మోటారు సైకిలు కూతురి కాలి చెప్పును ఈడ్చుకుపోయిన రోజే ఆమెకు నవ్వు పోయింది. పోయింది చెప్పు ఒక్కటే. పాదం మీద గీత కూడా పడలేదు. అయినా ఆ పూట నుంచి ఆమె చెవులకు బండి చప్పుడు వినిపిస్తే చాలు, లేచి వెళ్లి కూతురెక్కడుందో చూసుకునేది.

ఆమెది ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని. ఎంత సన్నటి నరమైనా సరే, ఒక్క పోటుకే దొరికించుకునే చెయ్యి. వీధి దాటేటప్పుడు అదే చెయ్యి కూతురి మణికట్టును కందిపోయేలా పట్టుకునేది. కూతురికి ఏడేళ్లు. పుట్టినప్పుడు గుప్పెట్లో ఇమిడేంత ఉండేదని తండ్రి పిచుక అని పిలవడం మొదలుపెట్టాడు. అసలు పేరు బళ్లో టీచర్లకు తప్ప ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

ఊరి మధ్యలో ఇక ఉండలేమని తేలాక మొగుడూ పెళ్లాలు ఆదివారాలన్నీ శివార్ల పాలు చేశారు. పిల్ల భయం లేకుండా తిరిగే వీధి కావాలి, నడిచి వెళ్లే దూరంలో బడి ఉండాలి. ఇద్దరివీ పొద్దున్నే మొదలయ్యే ఉద్యోగాలు కాబట్టి రైలెక్కితే వేళకు ఊళ్లో దిగగలగాలి. ఇల్లు బాగున్న చోట రైలు లేదు. రైలున్న చోట బడి లేదు. రెండూ ఉన్న చోట అద్దె వినగానే డ్రైవరు "నమస్కారమండీ" అని వెనక్కి తిరిగేవాడు.

ఆ ఆదివారం మాత్రం అన్నీ కుదిరినట్టే అనిపించింది. రైలు మార్గంలో దాదాపు చివరికంటా ఉన్న కాలనీ అది. వెడల్పాటి రోడ్లు, ఒకే ఎత్తు గోడలు, ఇంటింటికీ నల్ల గేటు. మలుపులో బడి, బడి పక్కన ఉయ్యాలలున్న చిన్న పార్కు. బ్రోకరు తలుపులన్నీ బార్లా తీసి, కుళాయిలు తిప్పి నీళ్లు చూపించాడు. డ్రైవరు ముఖం వెలిగిపోయింది.

ఆమె గేటు బయట నిలబడి ఉయ్యాల దగ్గరున్న కూతుర్ని కేకేసింది. ఆ కేక గోడలకు తగిలి తిరిగి వచ్చింది. ఒక్క కిటికీ తెరుచుకోలేదు.

"ఏవండీ, ఇంత మంచి వీధిలో మనుషులేరీ?" అంది మెల్లగా.

"లోపలుంటారు. ఆదివారం కదా."

"పిల్లలు కూడా లోపలే ఉంటారా?"

"గోలుంటే గోలంటావు, లేకపోతే లేదంటావు. నీతో వేగడం నా వల్ల కాదే తల్లీ."

ఆమె బ్రోకరు వైపు తిరిగింది. "మేమిద్దరం తెల్లారగానే వెళ్లిపోతాం. బడి గేటు తీసేదాకా పాప ఎవరి దగ్గరుండాలండీ?"

"భయమెందుకు మేడమ్? వాచ్‌మన్ ఉన్నాడు. వీధి మొదట్లో కెమెరా ఉంది."

"పిలిస్తే కెమెరా పలుకుతుందా?" అంది ఆమె. డ్రైవరు మధ్యలోకొచ్చి, వారంలోగా చెబుతామని సర్దాడు.

బ్రోకరు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. స్టేషనుదాకా కార్లో దింపి, ప్లాట్‌ఫారం మీదికి కూడా వచ్చాడు. ఇంకో పార్టీ అదే ఇంటి కోసం కాచుకుని ఉందని చెబుతున్నాడు. రైలొచ్చింది. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. "పాపను పట్టుకోండి" అని ఆమె సంచీ సర్దుకుంది. ఆ మాట భర్తకు వినపడలేదు. పిల్ల ఎప్పటిలాగే తల్లి చేతిలో ఉందనుకుని అతను బ్రోకరుకు చివరి మాటేదో చెబుతున్నాడు. పిచుక ఎవరి చేతిలోనూ లేదు. కిటికీ పక్క సీటు దొరకాలని టక్కున ఎక్కేసింది.

గంట మోగింది. తలుపులు మూసుకున్నాయి.

అద్దానికి అవతల కూతురి ముఖం కనిపించేసరికి ఆమె తలుపును అరచేతులతో బాదింది. రైలు కదిలింది. అప్పుడు వచ్చింది గొంతు. రైలుతో పాటు పరుగెత్తుతూ "తర్వాతి స్టేషన్లో దిగిపో! దిగిపో!" అని అరుస్తూ చేతిని కిందికి కిందికి ఊపింది. పక్కనే పరుగెత్తుతున్న డ్రైవరు రెండు అరచేతులూ ఎత్తి అడ్డంగా ఊపాడు. "దిగకు! అక్కడే కూర్చో! దిగకు!"

పిచుక ఒకసారి తల్లిని చూసింది, ఒకసారి తండ్రిని చూసింది. ఆ తర్వాత ప్లాట్‌ఫారం అయిపోయింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వద్దన్నారెందుకు?" అంది ఆమె.

"తప్పిపోయిన వాళ్లెప్పుడూ చివరి స్టాపులోనే దొరుకుతారే. బస్సులో ఎన్నిసార్లు చూడలేదు! నువ్వు దిగమన్నావెందుకు?"

పిల్ల ఎవరి మాట వింటుందో ఇద్దరికీ తెలియదు. అదే అన్నిటికంటే భయంగా ఉంది. టికెట్ల గదిలో ఉన్న గుమాస్తా పక్క స్టేషనుకు ఫోను కలిపాడు. ఇంతసేపూ ఇల్లు అంటగట్టడానికి చూసిన బ్రోకరు అప్పటికే కారు తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. "సార్, మీరు నాతో రండి. రోడ్డు మీద ఊరి వైపు చివరి స్టేషనుకు పోదాం. మేడమ్ వెనకొచ్చే రైలెక్కుతారు."

వెనకొచ్చే రైలు రావడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు. ఒక జన్మ పట్టినట్టుంది.

ఎక్కాక కూర్చోలేదు. తలుపు అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. బయట ఇళ్లు, గోడలు, ఆరేసిన బట్టలు వెనక్కి పోతున్నాయి. ఎర్ర గౌను ఎక్కడ కనిపించినా ఊపిరి ఆగిపోతోంది. పిచుక వేసుకున్నది పచ్చ గౌనని తర్వాత గుర్తొస్తోంది. అలా గుర్తు రావడానికి క్షణం పట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మంచి ముఖాలతో పిల్లల్ని పలకరించే వాళ్ల గురించి ఎప్పుడెప్పుడో విన్నవన్నీ వరసకట్టి లేచాయి. బిస్కెట్టిస్తే ఎవరితోనైనా మాట కలిపే పిల్ల.

పక్క స్టేషనులో కాపలా మనిషి రైలు కోసమే చూస్తున్నాడు. ఆమెను చూడగానే తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడెవరూ దిగలేదమ్మా. పెట్టెలన్నీ చూద్దామనుకున్నాను గాని రైలు ఆగేదే కాసేపు." దిగాలో వద్దో తేల్చుకోకుండానే తలుపులు మళ్లీ మూసుకున్నాయి.

అయితే నా మాట వినలేదన్నమాట, తండ్రి మాటే వింది అనుకుంది. ప్రాణం కాస్త కుదుటపడింది. అతనే గెలవాలని పెళ్లయ్యాక మొదటిసారి మొక్కుకుంది.

తర్వాతి స్టేషను పెద్దది. జనం అలలా వచ్చి పడ్డారు. ఆమె తలుపులో నిలబడి "పిచుకా! పిచుకా!" అని అరిచింది. దగ్గర్లో ఉన్న నలుగురు తలలెత్తి పైకప్పు దూలాల్లోకి చూశారు. ఇంకో రోజైతే ఆ సంగతి ఇంటికెళ్లి చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు.

దారి పొడుగునా భర్తతో ఫోను మాట్లాడుతూనే ఉంది. దొరికిందా అని ఆమె, కనిపించిందా అని అతను. మాట్లాడటానికి ఏమీ లేకపోయినా ఫోను పెట్టెయ్యడానికి ఇద్దరికీ ధైర్యం చాలడం లేదు. ఆఖరికి అతని గొంతు వచ్చింది. డ్రైవరు గొంతులా లేదు, ఎవరిదో ముసలాయనదిలా ఉంది.

"చివరి స్టేషనుకు వచ్చేశానే. ఆ రైలు ఇంకా ఇక్కడే నిలబడి ఉంది. మొదటి పెట్టె నుంచి చివరి పెట్టెదాకా చూశా."

"ఊఁ?"

"లేదు."

"సీట్ల కింద చూశారా?"

"చూశానే."

ఆమె తలుపు పక్కనున్న కమ్మీ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. పక్క స్టేషనులో లేదు, చివరి స్టేషనులో లేదు. తల్లి మాట వినలేదు, తండ్రి మాటా వినలేదు. మరి ఎవరి మాట వింది? ఎవరో ముసలావిడ వంగి "ఏమైందమ్మా" అని అడుగుతోంది. ఆ మాటలు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. ఇకనుంచి ప్రతి రోజూ ఇలాగే ఉంటుందేమో, ఇలాగే లేచి, ఇలాగే అన్నం తిని, ఇలాగే బతకాలేమో అనిపించింది.

రైలు నెమ్మదించింది. ఆ స్టేషను పేరు కూడా వాళ్లెప్పుడూ పట్టించుకోలేదు. ఇళ్లు వెతికే ఆదివారాల్లో ఒక్కసారైనా దిగింది లేదు. ముసలావిడ చెయ్యందిస్తే లేచి నిలబడింది. అద్దంలోంచి చూసింది.

ప్లాట్‌ఫారం మీద జనం తలలకు పైన ఒక పచ్చ గౌను కనిపించింది. కుర్చీ మీద నిలబడి, వచ్చే రైలును కళ్లింతలు చేసుకుని చూస్తోంది. కుర్చీ పక్కన ఒక లావుపాటి ఆవిడ, మెడలో కొలతల టేపు వేలాడుతూ, పిల్ల నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని ఉంది.

తలుపు తెరుచుకున్నాక తను ఎలా దిగిందో, ఎవరిని తోసుకుని వెళ్లిందో ఆమెకు తెలియదు. ముందు కూతురి వీపు మీద ఒక్కటి వేసింది. వేసిన చేత్తోనే గుండెకు హత్తుకుంది. పిచుక అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారిగా బయటపెట్టింది.

"కొట్టకమ్మా! ఇంతసేపూ కన్నీటి చుక్క రాల్చలేదు నీ కూతురు. నెంబర్లు రెండూ గడగడా అప్పజెప్పింది. ఎన్నిసార్లు చేసినా మీ ఇద్దరి ఫోన్లూ ఎంగేజే! ఎవరితో అంత ముచ్చట్లు?" అంది కుట్టు మిషను ఆవిడ కోపంగా. ప్లాట్‌ఫారం చివర మెట్ల కింద ఉంది ఆవిడ కొట్టు. కుట్టాల్సిన బట్టలు మిషను మీద సగంలో ఆగిపోయి ఉన్నాయి. "రైల్లోంచి తల్లికి కనపడాలంటే ఎత్తులో ఉండాలని ఇదిగో ఈ పళ్లు అమ్మే ఆయన కుర్చీ తెచ్చాడు."

తల్లికి వెక్కిళ్ల మధ్య ఒక్క ప్రశ్నే వచ్చింది. "ఇక్కడెందుకు దిగావే?"

"నువ్వు దిగమన్నావు కదా. నాన్న దిగొద్దన్నాడు. అందుకని కాసేపు దిగలేదు. తర్వాత దిగాను."

"ఇక్కడే ఎందుకు?"

"ఈ అమ్మమ్మ మిషను కుడుతూ కనిపించింది. మిషనుంటే వదిలేసి ఎక్కడికీ వెళ్లరు కదా."

ఫోనులో సంగతి విని, బ్రోకరు కార్లో డ్రైవరు వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు. జోకు వేద్దామని నోరు తెరిచి, మానేసి పిల్లను దించాడు. మెట్ల మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. భార్యది తాడును చూసి పామనుకునే రకమని నలుగురిలో వెక్కిరించే మనిషి, మర్నాడు బస్సెక్కి తలుపు మూసే మీట మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఎక్కుతున్న వాళ్లలో పిల్లలున్నారా అని మూడుసార్లు అద్దంలో చూసుకున్నాడు. ఆ పూట సెలవు పెట్టి ఇంటికొచ్చేశాడు. ఇద్దరూ నువ్వు పట్టుకున్నావనుకున్నాను, కాదు మీరే పట్టుకున్నారనుకున్నాను అని కొన్నాళ్లు పోట్లాడుకున్నారు. పోట్లాటలో ఎవరూ గెలవలేదు.

బ్రోకరు ఫోను చేసి ముందు పిల్ల ఎలా ఉందని అడిగాడు. ఇంటి సంగతి తర్వాతే ఎత్తాడు. ఆమె ఆ ఇల్లు వద్దని చెప్పింది. ఒక రోజు పని ముగిశాక ఒంటరిగా పిల్ల దొరికిన స్టేషన్లో దిగి వీధులన్నీ తిరిగింది. బడి బాగానే ఉంది. చూసిన ఇంటి గోడల్లో చెమ్మ ఉంది. కింద వెల్డింగు షాపు, పగలంతా రణగొణ ధ్వని. రైల్లో ఊరు చేరడానికి పట్టే సమయం మాత్రం కాలనీ నుంచి పట్టేదానికంటే తక్కువే.

"భయపడి ఇల్లు తీసుకుంటావా?" అన్నాడు డ్రైవరు ఆ చెమ్మను గోటితో గీకుతూ.

"భయపడే తీసుకుంటున్నానండీ. భయమే లేకపోతే ఆ గేట్ల మధ్యే చేరిపోయేవాళ్లం."

అతను కిందికి చూశాడు. వెల్డింగు కుర్రాళ్లు, కూరల బండి, గుమ్మాల్లో అరుచుకుంటున్న ఆడవాళ్లు. "చెవుల్లో దూది పెట్టుకుని బతకాలి" అన్నాడు. అది ఒప్పుకోవడమేనని ఆమెకు తెలుసు.

పొద్దున పూట పాపను చూసుకోమని కుట్టు మిషను ఆవిడను అడగడానికి వెళ్లినప్పుడు ఆవిడ వెంటనే సరే అనలేదు. "నాకు పిల్లల్ని ఆడించే ఓపిక లేదమ్మా. మాట వినకపోతే తిడతాను. అలాగైతే బడి గంట కొట్టేదాకా కూర్చోబెట్టు" అంది. వింటున్న తల్లికి అంతకంటే నమ్మకమైన మాట ఎవరూ చెప్పినట్టు అనిపించలేదు.

కొత్త ఇంట్లో మొదటి పనిరోజు డ్రైవరు చీకటితోనే వెళ్లిపోయాడు. ఆమె కూతుర్ని కొట్టు దగ్గర కూర్చోబెట్టి, పదిసార్లు జాగ్రత్తలు చెప్పి రైలెక్కింది. గంట మోగి తలుపులు మూసుకునేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. కాలనీలో నిలబడినప్పటి భయం, ప్లాట్‌ఫారం మీద పరుగెత్తినప్పటి భయం, ఏదీ ఎక్కడికీ పోలేదు. పక్క స్టేషన్లో దిగిపోయింది. ఎదురు రైలెక్కి వెనక్కొచ్చి, మెట్ల మలుపులో స్తంభం చాటు నుంచి తొంగి చూసింది.

పిచుక స్టూలు మీద కూర్చుని చిక్కుపడ్డ దారం విప్పుతోంది. "లాగకు, తెగుతుంది!" అని ఆవిడ కసురుతోంది. పిల్ల లాగింది. తెగింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటున్నారు.

ఆమె చప్పుడు చెయ్యకుండా తిరిగి వెళ్లి రైలెక్కింది. ల్యాబు చేరేసరికి బయట జనం బారులు తీరి ఉన్నారు. పెద్ద నర్సు గడియారం వైపు చూసి, "ఎప్పుడూ లేనిది, ఇంత ఆలస్యమేంటి?" అంది.

"రైలు లేటండీ" అంది ఆమె చేతి తొడుగులు వేసుకుంటూ.

ఆ వారమంతా రైలు లేటుగానే నడిచింది.