పన్నెండు బొటనవేళ్లు

నలభయ్యారులో బిలాసపూర్ రైలు యార్డు పక్కన, కంట్రాక్టరు వార్నీషు షెడ్డులో జరిగింది ఇది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మోటారు లోపల కాగితమంత పలచటి ఉక్కు రేకులు దొంతరగా ఉంటాయి. ఒకదానికొకటి తగలకుండా ప్రతి రేకుకీ లక్క వార్నీషు పూసి బట్టీలో కాల్చాలి. పూత చెడితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. పూసేది మన శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు పన్నెండుమంది. దుమ్ము పడుతుందని కిటికీలు మూసేసేవారు. వార్నీషు పలచన కావడానికి కలిపే స్పిరిటు ఆవిరికి వాళ్లకి తలలు తిరిగేవి.

నేను శంకరరావుని, ఆ మోటార్లకి తీగ చుట్టేవాణ్ణి. ఒక మోటారు కాలిపోతే విప్పింది నేనే. అందులోంచి ఒక రేకు తీసి షెడ్డు మేస్త్రీ జగన్నాథం, ఆ పన్నెండుమందిలో ఒకతె అయిన కనకం మొహం ముందు ఊపాడు. పూతలో బొటనవేలి అచ్చు, దాని మీద అడ్డంగా కోత.

"నీ ఏలు సూపించు."

కనకం చూపించింది. కోత ఉంది.

"ఇంకేటి? కావాలనే సెడగొట్నావు. ఒప్పుకుంటన్నానని ఈ కాగితం మీద ముద్రెయ్యి. నేకపోతే పోలీసులకి ఒప్పజెప్తాను."

"నాను సెడగొట్టనేదు బాబూ," అంది కనకం.

లక్క మిగుల్చుకోడానికి వార్నీషులో రెట్టింపు స్పిరిటు కలిపింది జగన్నాథమే. బొగ్గు మిగుల్చుకోడానికి సగం కాలగానే రేకులు బట్టీలోంచి తీయించిందీ వాడే. నాకు తెలుసు. తెలిసీ రెండు నెలలు నోరు మూసుకున్నాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

అందరిలోకీ పెద్దది అప్పయమ్మ. కుంచె కింద పెట్టి వచ్చింది.

"నువ్వాగమ్మా కనకం."

కాగితం లాక్కుని, బొటనవేలు వార్నీషులో ముంచి నొక్కింది. అచ్చు మీద అడ్డంగా కోత. తరవాత ఇంకొకామె నొక్కింది, ఆ తరవాత ఇంకొకామె, చివరికి కనకమూ. అందరి వేళ్లకీ అదే కోత. రేకు అంచు ఎవరినీ వదల్లేదు.

"ఇందుల కనకం ఏలు ఏదో ఏరుకో మేస్త్రీ," అంది అప్పయమ్మ.

కాగితం నేను అందుకున్నాను. నా వేలికి కోత లేదు. అందుకే కింద నా పేరు రాశాను. స్పిరిటు ఎవరు కలిపారో కూడా రాశాను.

మధ్యాహ్నం జగన్నాథం కబురు పెడితే పోలీసులు కనకం కోసం వచ్చారు.

"ఒక్కర్తినే అంపము. అందరం ఒస్తాం," అంది అప్పయమ్మ.

పదముగ్గురం బయల్దేరాం. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డు ముందు నించి వెళ్తుంటే లోపల సుత్తుల చప్పుడు ఆగిపోయింది. చేతులు తుడుచుకుంటూ అక్కడి పనివాళ్లూ మాతో నడవడానికి బయటికి వచ్చారు.