తాత కొడుకు

పదకొండో రిజిస్టరును అట్టపెట్టెలోకి దించి ఎసెన్‌కుల్ గడియారం వైపు చూశాడు. ఒంటిగంట. నాలుగింటికి లారీ వస్తుంది. సైనిక భర్తీ కార్యాలయంలోని పాత రిజిస్టర్లన్నీ రాజధాని బిష్కెక్ పోతాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు వాటిని కాసిన ఎసెన్‌కుల్ పెన్షన్ మీద ఇంటికి పోతాడు.

బక్కమనిషి. ఎడమభుజం కొంచెం వాలి ఉంటుంది. గుండెలో లోపముందని కుర్రతనంలో సైన్యం వద్దంది. వెళ్లినవాళ్ల కాగితాలు చూసుకోమంది. నాలుక కింద మాత్ర పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు, బల్ల దగ్గరికి వచ్చాడు, మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఇవాళ గురువారం. ఆవిడ వస్తుంది.

వచ్చింది. డెబ్భై నాలుగేళ్ల బురుల్చా, చంకలో టీ ఫ్లాస్కుతో. పంతొమ్మిది వందల నలభై రెండు చలికాలంలో ఆమె భర్తను యుద్ధానికి పిలిచారు. మనిషీ రాలేదు, చావు కబురూ రాలేదు. ఎక్కడ పాతారో తెలిస్తే పిడికెడు మట్టి తెప్పించి, తన గోతిలో వేయించుకోవాలని ఆమె కోరిక. మూడేళ్లుగా తిరుగుతోంది.

"ఉన్నాడా తమ్ముడూ?"

"అదే జవాబక్కా. ఒమూర్ కొడుకు సాదిక్ అనేవాడు మా కాగితాల్లో లేడంటోంది పెద్ద ఆఫీసు."

"మరి నేనెవరికి పెళ్లాన్నయ్యా? గాలికా?"

రేపటి నుంచి ఇక్కడ వెతకడానికి కాగితమూ ఉండదు, వెతికే మనిషీ ఉండడు. ఆ మాట చెప్పలేక అతను టీ గిన్నె అందుకున్నాడు. ఆమె ఎప్పటిలా ఆ చివరి రోజు గురించే మొదలుపెట్టింది. బండి కదులుతుంటే మామగారు ఏడ్చారట. భర్త నవ్వి, 'ఊరుకో అన్నా, వచ్చేస్తాగా' అన్నాడట. ఆ మాట ఆమె ఇదివరకెప్పుడూ చెప్పలేదు.

గిన్నె నోటి దగ్గరే ఆగింది.

"ఎవర్ని అన్నా అన్నాడు?"

"వాళ్ల నాన్ననే. ఎప్పుడూ అలాగే పిలిచేవాడు."

ఎసెన్‌కుల్ నుదురు కొట్టుకున్నాడు. వాళ్లలో పాత ఆచారం అది: తొలిచూలు పిల్లవాణ్ణి తాతకిచ్చేస్తే, వాడు తాతకే కొడుకు, కన్నతండ్రికి తమ్ముడు. కాగితాల్లో తండ్రిపేరూ తాతదే. ఎసెన్‌కుల్ కూడా అలా పెరిగినవాడే. తండ్రిని మట్టి చేసేదాకా అన్నా అనే పిలిచాడు. అయినా మూడేళ్లు ఒమూర్ కొడుకు కోసం వెతికాడు.

"తాత పేరేంటక్కా?"

ఆమె పెదవులు బిగించింది. అత్తింటి పెద్దల పేర్లు కోడలు పలకదు. అందుకే దరఖాస్తు రాసినవాడు పక్కింటివాళ్లను అడిగి కన్నతండ్రి ఒమూర్ పేరు పెట్టాడు.

"ఆయన పోయి యాభై ఏళ్లయింది. ఎవరు వింటారు?"

"నేను వింటానుగా."

రెండున్నర. మూడున్నరకు తపాలా బండి. అతను పెట్టెల తాళ్లు కోశాడు. మొదటిది కాదు. రెండోది కాదు. నాలుగో పెట్టె అడుగున నలభై రెండు చలికాలం దొరికింది. ఆమె ఊరి నుంచే ఐదుగురు సాదిక్‌లు. రిజిస్టరు ఆమె ఒళ్లో పెట్టాడు.

"పలకొద్దు. వేలు పెట్టు చాలు."

ఆమె నిదానంగా కూడబలుక్కుంటూ చదివింది. ముడతల వేలు ఒక పేరు దాటింది, ఇంకోటి దాటింది. నాలుగో పేరు కింద ఆగింది. తెమిర్‌బాయ్ కొడుకు సాదిక్, పుట్టింది పంతొమ్మిది వందల పంతొమ్మిది. ఆమె ఏడవలేదు. కోటు చేతి అంచు నుంచి ఎర్ర ఉన్నిదారం తెంపి ఆ వరస మీద పెట్టింది.

అతను కొత్త దరఖాస్తు రాశాడు: పేరు, తాత పేరు, పుట్టిన ఏడు, పిలిచిన ఊరు, తేదీ, దళం అంకె. ముద్ర కొట్టి, రిజిస్టరును దారంతోనే మూసి పెట్టెలో పైన పెట్టాడు. కవరు పట్టుకుని మంచులో పరుగెత్తాడు. కదిలిన బండి తలుపు బాదాడు. డ్రైవరు తిడుతూనే తీసుకున్నాడు.

తిరిగొచ్చి ఆమె పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

"పోయిందా?"

"పోయింది. ఈసారి దొరుకుతాడక్కా."

ఆమె ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసి ఇటు తిరిగేసరికి, అతను గోడకు తల ఆన్చి కళ్లు మూసుకుని ఉన్నాడు. అలిసిపోయాడనుకుంది. లేపలేదు. గిన్నె చల్లారేదాకా రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

నాలుగింటికి లారీ మనిషి వచ్చి అతని భుజం తట్టాడు. రెండోసారి తట్టలేదు. పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన గొణిగి, అరచేతులతో తన ముఖం తడుముకుని, చప్పుడు కాకుండా పెట్టెలు మోశాడు. నాలుగో పెట్టెలో అన్నిటికన్నా పైనున్న రిజిస్టరులోంచి, వేలెడు ఎర్రదారం బయటికి వేలాడుతోంది.